పప్పన్నం కలుపుకుంటే పది మార్కులు

సంపాదకులు నాకప్పగించిన పని ఒక్క వాక్యములో ఇమిడినది: ఆసుపత్రి గోడలు విడిచి రోగుల ఇండ్లకే వెళ్లి చికిత్స చేయు ఆక్యుపేషనల్ థెరపిస్టులను గూర్చి, అందునను ఆ ఉద్యోగమున కొత్తగా ప్రవేశించినవారిని గూర్చి, ఆదివారమునకు ముఖచిత్ర కథనము కావలెను, గురువారము సాయంకాలము ఆరు గంటలకు కాగితములు బల్లమీద ఉండవలెను. ఆ శాస్త్రము ఎప్పుడు పుట్టినది, మన దేశమునకు ఎట్లు వచ్చినది, చదువు ఎన్నేండ్లు, రాబడి యెంత అను ప్రశ్నల పట్టికనొకదానిని దానికి జతచేసిరి. ఆ పట్టికను జేబులో ఉంచుకొనియే బయలుదేరితిని గాని, మలక్‌పేటలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుని ఇంటి వరండాలో ఆ అమ్మాయి తన సంచిలో నుండి తీసిన జిరాక్సు కాగితమొకటి నా దృష్టిని పట్టి నిలిపినది. ఆ కాగితము కంటెను దాని అంచులయందు ఆమె పెన్సిలుతో తెలుగున వ్రాసికొన్న మాటలు నన్ను మరింత ఆకర్షించినవి. కావున ఈ కథనమున సంపాదకుల ప్రశ్నలకు దక్కిన స్థలము స్వల్పము. ఆ కాగితమునకు దక్కినది విస్తారము.

అమ్మాయి అంటిని. తన పేరు అచ్చులో రాకూడదని ఆమె కోరినది. ఏ ఇంట అడుగిడినను ఆమెకు లభించు పిలుపు కూడ అదియే గనుక ఇందంతటను అట్లే వ్యవహరించెదను. చెన్నైలో బి.ఓ.టి. (ఆక్యుపేషనల్ థెరపీ పట్టము) చదివి, ఒక పెద్ద ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ముగించి, హైదరాబాదులో ఇంటివద్ద వైద్యసేవలందించు సంస్థ నొకదానిని ఆశ్రయించినది. స్కూటీ, హెల్మెట్, భుజమున సంచి, సెల్‌ఫోనులో నాటి ఇండ్ల లొకేషనులు: ఇంతియే ఆమె కార్యాలయము. ఆసుపత్రిలో ఉన్నంతకాలము సందేహము కలిగినచో ప్రక్క బల్లవద్ద పెద్ద మేడమ్ ఉండెడిది. రోగి తూలినచో పట్టుకొనుటకు నర్సు ఉండెడిది. మంచము ఎత్తు తగ్గించుటకు మర ఉండెడిది. ఇంటి గడప లోపల ఆమె ఒంటరి. మంచము పెండ్లినాటి పందిరిమంచము, దాని ఎత్తు తగ్గదు. సందేహము వచ్చినచో అపార్ట్‌మెంటు మెట్లమీద నిలిచి ఫోను చేయవలసినదే.

వెన్నయు ముద్దపప్పును

ఇక ఆ కాగితము. దానిని బార్తెల్ ఇండెక్స్ అందురు. ఫ్లోరెన్స్ మహోనీ అను వైద్యురాలును, డొరొథియా బార్తెల్ అను ఫిజియోథెరపిస్టును కలిసి 1965లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్ర వైద్యపత్రికయందు ప్రకటించిన ఈ పట్టిక, అరువది ఏండ్లు గడచినను, పక్షవాతము సోకిన మనిషి తన దినచర్యను ఎంతవరకు స్వయముగా నడుపుకొనుచున్నాడో కొలుచుటకు దేశదేశములయందు నేటికిని వాడుకలో నున్నది. అందలి అంశములు పది: భోజనము, స్నానము, మొగము కడుగుకొని తల దువ్వుకొనుట, బట్టలు తొడుగుకొనుట, మలముపై అదుపు, మూత్రముపై అదుపు, మరుగుదొడ్డి వాడుక, మంచము నుండి కుర్చీకి మారుట, నడక, మెట్లెక్కుట. అన్నియు కలిసి నూరు మార్కులు. మంచము నుండి కుర్చీకి మారుటకును నడకకును పదునైదేసి. స్నానమునకును మొగము కడుగుటకును ఐదేసి. తక్కిన ఆరింటికి పదేసి. మన ఇండ్లలో స్నానము చేయనిదే పొయ్యి వెలిగింపని గృహిణులుండగా దానికి ఐదేనా అని నాకు తోచినది గాని, ఆ అంకెలు పనియొక్క గౌరవమును బట్టి వేసినవి కావు. ఆ పని చేయలేనివానికి ఇంకొక మనిషి ఎంత సేపు, ఎంత శ్రమతో తోడుపడవలసి వచ్చునో దానిని బట్టి వేసినవి.

మొదటి గడి భోజనము. అందు పదికి పది రావలెనన్నచో, ఆహారమును అందుబాటులో పెట్టిన పిమ్మట రోగి తానే తినవలెను. ఏదైన ఉపకరణము కావలసియున్న దానిని తానే తగిలించుకొనవలెను. తినుబండారమును తానే కోసికొని, ఉప్పును మిరియపుపొడిని చల్లుకొని, వెన్న పూసికొని, తగినంత కాలములో ముగింపవలెను. కోయుటయందో పూయుటయందో మరొకరు చేయి వేసినచో ఐదే. మలక్‌పేటలో ఆ మధ్యాహ్నము మాస్టారి కంచములో వెన్న పూయవలసిన రొట్టె లేదు, కోయవలసిన మాంసము లేదు. దొండకాయ వేపుడు, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, గిన్నెలో చారు, చివరకు పెరుగు ఉన్నవి. అమ్మాయి కాగితపు అంచున ఆ గడికెదురుగా పెన్సిలుతో వ్రాసియున్న మాట ఇది: “వెన్న = పప్పన్నం కలుపుకోవడం.” ఈ సమీకరణము ఏ పాఠ్యపుస్తకమునందును లేదు. ఆమె తనకు తానై ఏర్పరచుకొన్నది.

మాస్టారికి కుడిచేయి, కుడికాలు పడిపోయి నాలుగు నెలలు. మాట తిరిగి వచ్చుచున్నది గాని తడుముకొనుచు, తునుకలు తునుకలుగా వచ్చుచున్నది. భార్య ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, పప్పన్నమును ముద్దలు చేసి ఆయన నోటికందించుచుండెను.

“మాస్టారు తనంతట తాను అన్నం తింటారా అమ్మా?” అని అమ్మాయి అడిగెను.

“ఆఁ, శుభ్రంగా తింటారు తల్లీ,” అని ఆమె చేతిలోని ముద్దను ఆయనకు పెట్టుచునే చెప్పెను.

“మరి మీరు పెడుతున్నారు కదండీ?”

“ఆయన తినగలరమ్మా. గంట పడుతుంది, మెతుకులన్నీ ఒళ్లో పడతాయి. నలభై ఏళ్లు నాకు సంపాదించి పెట్టారు, ఈ నాలుగు ముద్దలు నేను పెట్టలేనా?”

ఈ ప్రశ్నకు ఎవరు మాత్రమేమి బదులు చెప్పగలరు? అమ్మాయి మారుమాటాడక మొదటి గడిలో సున్న చుట్టినది. బార్తెల్ పట్టికను వాడవలసిన తీరును గూర్చి 1988లో ఇంగ్లండునందలి పరిశోధకులు నిర్దేశించిన నియమములలో మొదటిది నిష్ఠురమైనది: రోగి ఏమి చేయగలడన్నది గాదు, ఏమి చేయుచున్నాడన్నదే వ్రాయవలెను. సామర్థ్యమునకు మార్కులు లేవు; ఆచరణకే మార్కులు. ఆసుపత్రిలో ఈ నియమము ఎవరినీ నొప్పింపదు. ఇంటిలో దానివలన నొచ్చుకొనునది ఇల్లాలు.

“సున్నా వేశావేమిటమ్మా! ఆయన బళ్లో ఏ పిల్లాడికీ సున్నా వేసేవారు కాదు,” అని ఆమె నిష్ఠురమాడగా, మాస్టారు నోటిలోని ముద్ద మ్రింగి, “వెయ్యనీ” అనెను.

తరువాత జరిగిన పనిని అంగాంగము వివరించుట అవసరము. ఏలయనగా ఈ వృత్తి యొక్క విద్య యంతయు అట్టి చిన్న పనులయందే ఉన్నది, దూరము నుండి చూచువారికి అదేమియు కానట్లు కనబడును. అమ్మాయి చిన్న తువాలు తడిపి పిండి, నాలుగు మడతలు వేసి బల్లపై పరచి, దానిపై పళ్లెమును పెట్టెను. అది ఇక జారదు. చదునైన కంచమును తీసివేసి అంచులు నిలువుగా లేచిన పళ్లెమును వంటింటి నుండి తెప్పించెను; చెంచాతో నెట్టిన అన్నము ఆ అంచునకు ఒరగి చెంచాలోనికే ఎక్కును. చెంచా కాడకు పాతగుడ్డ చుట్టి రబ్బరుబ్యాండు వేసి బొటనవ్రేలంత లావు చేసెను; సన్నని కాడను పట్టుటకు గావలసిన పట్టు లావు కాడకు అక్కరలేదు. మాస్టారి వీపు వెనుక దిండు, పాదముల క్రింద పీట. ఇంతవరకు ఆయన ఏమియు అనలేదు. చెంచాను ఎడమచేతికి అందింపగానే చేయి వెనుకకు తీసికొనెను.

“ఎడమ... వద్దు.”

ఎడమచేతితో అన్నము తినుట యెట్టిదో తెలుగు పాఠకునకు నేను విప్పి చెప్పనక్కరలేదు. మేరీలాండ్ కాగితమున దానికి గడి లేదు. ఆసుపత్రిలో శిక్షణకాలమున ఎడమచేతి చెంచా ఒక సామాన్య సూచన. ఇచ్చట, గోడమీద తండ్రిగారి పటము క్రింద, భార్య యెదుట, మనుమలు బడి నుండి వచ్చు వేళకు, ఆయన కుడిచేయి ఒడిలో పడియుండగా ఎడమచేతితో తినుటకంటె తినిపించుకొనుటయే గౌరవమని ఆయన నిశ్చయించుకొని ఉండవచ్చును. అమ్మాయి వాదింపలేదు. ఆయన కుడిచేతిని మణికట్టు క్రిందను మోచేతి క్రిందను ఆనుకొని మెల్లగా బల్లమీదికి తెచ్చి, ముడుచుకొన్న వ్రేళ్లను ఒక్కొక్కటిగా విప్పి, పళ్లెపు అంచుమీద ఆనించెను.

“ఈ చెయ్యి కంచాన్ని పట్టుకుంటుంది మాస్టారూ. తినేది దీని కంచమే. ఆ చెయ్యి చెంచా మోస్తుంది, అంతే.”

ఇందు ఓదార్పు కొంత ఉన్నను శాస్త్రమే అధికము. పడిపోయిన చేయి ఒడిలో వ్రేలాడినకొలది భుజపు కీలు క్రిందికి జారును, నొప్పి పుట్టును. చూపునకు దూరమైనకొలది మనిషి దానిని మరచును. కంచమును అదిమిపట్టు పనియైనను ఇచ్చినచో అది పనిలో ఉన్న చేయి యగును. మాస్టారు చాలసేపు ఆ చేతివైపే చూచి, చెంచా అందుకొనెను. పప్పును అన్నమును అంచున కదిమి తానే కలిపెను. మెతుకులు పడినవి. భార్య చేయి రెండుమార్లు తనంత తానే ముందుకు సాగినది; అమ్మాయి ఆమెకు గడియారము చూచు పని అప్పగించినది. పళ్లెము ఖాళీ అగుటకు అరగంట పట్టెను. నెయ్యి వేసినది భార్య, ఆవకాయ ముక్క చిదిమి ఇచ్చినది భార్య. మార్కులు ఐదు.

నాకు ఈ కాగితముపై ప్రీతి కలిగినది ఇచ్చటనే. అనుమానము కలిగినదియు ఇచ్చటనే. ప్రీతికి కారణము దాని మొండితనము: “బాగానే ఉన్నారండీ” అను మన సర్వసాధారణపు సమాధానమును అది అంగీకరింపదు, ఎవరు చేయుచున్నారో చెప్పుమనును. అనుమానమునకు కారణము మొత్తము వేసిన చివరి వరుస. అరువది మార్కులు వచ్చిన ఇరువురు రోగులలో ఒకడు నడువగలిగి అదుపు లేనివాడు కావచ్చును, మరియొకడు అదుపుండి నడువలేనివాడు కావచ్చును. ఆ రెండిండ్ల రాత్రులు ఒకటి కావు. కూడిక వేసిన క్షణమున ఆ భేదము మాయమగును. కొన్ని కంపెనీల నివేదికలలో ఆ కూడిక ఒక్కటియే మిగులునట!

చెంబు రెండు చేతుల పని

మరుగుదొడ్డి గడికెదురుగా అంచున ఉన్న మాట ఇది. కూర్చుండుట, లేచుట, బట్ట సవరించుకొనుట, శుభ్రపరచుకొనుట అన్నియు తోడులేక చేసినచో పది. కాగితముతో తుడుచుకొను దేశమున ఇది ఒంటిచేతి పని; చెంబుతో ఒక చేయి నీరు పోయ, మరియొక చేయి కడుగు ఇంటిలో ఇది జంట చేతుల పని. కుడిచేయి పడిపోయిన మాస్టారికి కడుగు చేయి ఉన్నది, పోయు చేయి లేదు. ఎడమచేయి పడిపోయినవారి సంకటము వేరు: మిగిలిన చేయి అన్నము తిను చేయి. ఆ మాట పైకి అనలేక రోజుల తరబడి అవసరమును బిగపట్టుకొని, దాని వలన మలబద్ధకము తెచ్చుకొన్న వృద్ధులను ఈ వృత్తిలోనివారు ఎరుగుదురు. కమోడ్‌కు లోపలనే అమర్చిన జెట్ పైపు, మంచి చేతి ప్రక్కకు దాని తిరుగుడు మీట: ఆ ఒక్క మార్పు ఐదు మార్కులు పెంచగలదని అమ్మాయి చెప్పెను. ప్లంబరుకు ఒక పూట పని.

స్నానాల గదియందే ఆమె అధికసేపు గడపును. తువాలు వ్రేలాడదీయు కమ్మిని రోగి ఊతముగా పట్టుకొనుట ప్రతి ఇంటిలోని అలవాటు. ఆ కమ్మి తువాలు బరువునకు బిగించినది, మనిషి బరువునకు ఊడి వచ్చును. ఊతపు కమ్మి వేరు, దానిని గోడలోనికి దింపి బిగింపవలెను. తలుపు లోపలికి తెరచుకొనునదైనచో, పడిపోయిన మనిషే తలుపునకు అడ్డమై, తీయువారు తీయలేకపోవుదురు. నేలమీది దొడ్డి ఉన్న ఇండ్లలో దానిపై నాలుగుకాళ్ల కమోడ్ కుర్చీ నిలుపుట తక్షణోపాయము. వీల్‌చైరు విషయమున గడపయే ప్రధాన ప్రతిపక్షము: వాలుబల్ల వేయవలెనన్న అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు అను లెక్క ఉన్నది, అరడుగు మెట్టుకు ఆరడుగులు. పసుపు రాసి బొట్లు పెట్టిన గడపమీద పలక వేయుదుమనగానే అత్తగారి మొగము మారును. మెట్ల గడికెదురుగా “గడప?” అను ఒంటి మాట, ప్రశ్నార్థకముతో. నడక గడికెదురుగా “50 గజాలు ఎక్కడ?” అని. పది మార్కులు దాటవలెనన్న యాబది గజములు ఒంటరిగా నడువవలెను. రెండు గదుల వాటాలో గోడ నుండి గోడకు నాలుగు గజములు లేవు. ఆమె కారిడారులో టేపు పట్టి కొలిచి, తిరుగుడు లెక్కించును.

మల మూత్రముల గడులు రెండు. ఇరువదిమూడేండ్ల పిల్ల, తాతవయసు మనిషిని, కోడలి యెదుట, ఆ ప్రశ్న ఎట్లడుగవలెను? కళాశాలలో ఈ పాఠము లేదు. తొలిదినములలో పట్టికలోని వరుస ప్రకారము అడుగబోగా ఒక ఇంటి పెద్దాయన గోడవైపు తిరిగి పడుకొన్నాడట. ఇప్పుడు వరుస మార్చుకొన్నది. భోజనముతో మొదలిడి, మెట్ల వరకు వెళ్లి, ఇంటివారు మంచినీళ్లకు లోనికి పోయిన సమయము చూచి, కాగితము మడిచి సంచిలో పెట్టుకొన్న పిమ్మట, “రాత్రిళ్లు బాత్రూం అవసరం ముందే తెలుస్తోందా తాతగారూ, లేక ఆలస్యమవుతోందా?” అని అడుగును. కాగితము కనబడనప్పుడే నిజము చెప్పుదురని ఆమె అనుభవము.

సంపాదకులు కోరిన చరిత్ర

ఒక్క పేరాలో ముగించెదను. మనిషి చేతికి అర్థవంతమైన పని ఇచ్చుటయే మందు అను భావముతో 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రపు క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను ఊర ఒక వాస్తుశిల్పి, ఒక మనోవైద్యుడు మొదలగు కొలదిమంది సంఘముగా ఏర్పడిరి; మొదటి ప్రపంచయుద్ధమున క్షతగాత్రులైన సైనికులు ఆ సంఘమునకు చాలినంత పని కల్పించిరి. మన దేశమునకు దానిని తెచ్చినది, అమెరికాలో పుట్టి భారతీయుని వివాహమాడి ఇచ్చటనే స్థిరపడిన కమలా నింబ్కర్. 1950లో బొంబాయి కె.ఇ.యం. ఆసుపత్రిలో తొలి పాఠశాల ఆమె ప్రారంభించినదే. 1952లో అఖిల భారత సంఘము ఏర్పడినది. అదే యేట వెలసిన ప్రపంచ సమాఖ్యకు మన దేశము స్థాపక సభ్యురాలు. 2021లో అనుబంధ వైద్యవృత్తుల జాతీయ కమిషను చట్టము వచ్చి ఈ వృత్తిని తన పట్టికలో చేర్చుకొన్నది. రాబడి సంగతి: కొన్ని సంస్థలు నెలజీతమిచ్చును, కొన్ని ఇంటికింత అని లెక్కగట్టును. రెండవ పద్ధతిలో రోగి ఊరికి పోయినను, ఆసుపత్రిలో చేరినను, “ఈ వారం వద్దులెండి” అన్నను కొత్తవారి జేబునకే చిల్లు.

కరెంటు పెట్టరా?

కొత్తవారికి ఎదురగు తొలి పరీక్ష తమ ఉనికినే నిరూపించుకొనుట. తలుపు తీసినవారు లోనికి తిరిగి “ఫిజియో మేడమ్ వచ్చారు” అని కేక వేయుదురు. సరిదిద్దినను మరునాడు అదే కేక. పిమ్మట సంచివైపు చూచి “కరెంటు పెట్టరా?” అని అడుగుదురు. యంత్రము, తీగెలు, మిణుకుమిణుకుమను దీపము లేనిదే చికిత్స జరిగినట్లు మనవారికి నమ్మకము కలుగదు. తడిగుడ్డపై పళ్లెము పెట్టి అన్నము తినుమనగా, ఒక ఇంటి కుమారుడు బేరమునకే దిగెను: “అన్నం తినిపించడానికి ఇంత ఫీజా అండీ? అది మా అమ్మే చేస్తుంది కదా!” ఆ ఇల్లు విడిచి వచ్చిన సాయంకాలము బాగుగ ఏడ్చితినని అమ్మాయి దాచక చెప్పెను. ఆమెను నిలిపినది మరియొక ఇల్లు.

సికింద్రాబాదులో, మూడవ అంతస్తున. అత్తగారికి మెదడు కుడిభాగమున దెబ్బ తగిలి ఎడమవైపు పట్టు తగ్గినది. చేయి కొంత కోలుకొన్నది. కోడలు అమ్మాయిని వంటింటిలోనికి పిలిచి రహస్యముగా మొరపెట్టుకొనెను: “రోజూ కంచంలో సగం వదిలేస్తున్నారండీ. కూర నచ్చలేదేమో అని మార్చి మార్చి చేస్తున్నాను. మంచానికి ఈ పక్కన నిలబడి పిలిస్తే పలకరు, మొహం తిప్పుకుంటారు. ఏం కోపమో నామీద.” భోజనము వడ్డించిరి. ముసలామె కుడిసగమును శుభ్రముగా తిని చేయి కడుగబోయినది. అమ్మాయి కంచమును చేతితో పట్టి సగము త్రిప్పెను. ఎడమనున్న అన్నము కుడికి వచ్చినది. “ఇంకా ఉందే!” అని ఆమె తినసాగినది.

కన్నులలో దోషము లేదు. కుడిమెదడునకు దెబ్బ తగిలిన కొందరికి లోకములో ఎడమసగము పోయినట్లే యగును. దానిని చూడకపోవుట కాదు, అది ఉన్నదన్న తలంపే రాకుండుట. అట్టివారు దువ్వెనను తలకు కుడివైపుననే నడుపుదురు, చీర కుచ్చిళ్లు ఎడమన జారినను ఎరుగరు, నడచునప్పుడు ఎడమభుజము ద్వారబంధమునకు తగిలించుకొందురు. అమ్మాయి కంచపు ఎడమ అంచునకు ఎర్ర రిబ్బను అంటించి, “ముందు ఎర్రది వెతకండి అమ్మమ్మా, అక్కడినుంచి మొదలుపెట్టండి” అని నేర్పెను. ఆమెకు ఇష్టమైన మాగాయను ఎడమననే వడ్డింపుమనెను. పిలుచునప్పుడు మొదట కుడివైపు నిలిచి చూపును పట్టుకొని, క్రమముగా ఎడమకు రప్పింపుమని కోడలికి చెప్పెను.

“అయితే నామీద కోపం కాదన్నమాట,” అని కోడలు స్టవ్వు కట్టేసి అచ్చటనే కూర్చుండిపోయెను. బార్తెల్ పట్టికలో దీనికిని గడి లేదు. అంచున మాత్రమున్నది: “సగం కంచం.”

సంచిలో ఏముండును?

(పెట్టెకట్టిన విషయము)

కీళ్లు ఎంత వంగుచున్నవో కొలుచు గోనియోమీటరు, టేపు, బి.పి. పట్టీ, కత్తెర, వెల్క్రో పట్టీలు, చెంచా కాడకు తొడుగు స్పాంజి గొట్టము, ఎర్ర రిబ్బను, చేతి తొడుగులు, శానిటైజరు. ఇంతకుమించి మోయలేనని అమ్మాయి నవ్వెను. మిగిలినది ఇంటిలో దొరకును. వ్రేళ్ల పట్టునకు బట్టల క్లిప్పులు. పిడికిలికి చపాతీ పిండి. వ్రేళ్ల కొనల నేర్పునకు బియ్యములో కలిపిన శనగలు ఏరుట, బఠాణీలు ఒలుచుట. ఎండాకాలమైనచో చింతపండు గింజ తీయుట. కీళ్లవాతము ఉన్న ఇల్లాండ్రకు సీసా మూతలు వ్రేళ్లతో గాక అరచేతితో అదిమి త్రిప్పుట, గిన్నెను ఒంటిచేత గాక రెండు చేతులతో ఎత్తుట, కూర్చుండి కూర తరుగుట నేర్పుదురు.

ఇంటివారికి

(మరియొక పెట్టె)

పడిపోయిన చేతిని పట్టి రోగిని లేపరాదు. భుజపు కీలు చెడును. చొక్కా తొడుగునప్పుడు బలహీనమైన చేయి ముందు, విప్పునప్పుడు చివర. లుంగీముడి ఒంటిచేతికి లొంగదు, ఎలాస్టిక్ నడుము మేలు. కుర్చీని రోగియొక్క మంచి చేయి ప్రక్కన, మంచమునకు ఆనించి వేయవలెను. వీల్‌చైరు బ్రేకు వేసితిమో లేదో చూచుకొనిన పిమ్మటనే లేవనెత్తవలెను. మ్రింగునప్పుడు దగ్గు వచ్చుచున్నచో నీళ్లు పట్టించి సరిపెట్టక వైద్యునికి చెప్పవలెను. స్నానాల గది తలుపునకు లోపలి గడియ వేయనీయరాదు.

సంతకము

ఈ పట్టికను రచించినవారే దాని హద్దును కూడ చెప్పియుంచిరి: నూటికి నూరు వచ్చినవాడు పరిచారకుని తోడు లేక మెలగగలడు గాని, ఒంటరిగా కాపురముండగలడని దాని అర్థము కాదు, వంట చేయలేకపోవచ్చును, ఇల్లు నడుపలేకపోవచ్చును, నలుగురిలో తిరుగలేకపోవచ్చును. కనుకనే ఈ వృత్తిలోనివారు మరియొక పద్ధతిని కూడ వాడుదురు. 1991లో కెనడావారు ప్రకటించిన ఆ పద్ధతిలో గడులు ముందుగా నింపియుండవు. నీకు ఏది ముఖ్యము, అది ఎంత బాగుగ చేయుచున్నావు, దానితో నీకెంత తృప్తి అని రోగినే అడిగి, ఒకటి నుండి పది వరకు ఆయన చేతనే మార్కులు వేయింతురు. మలక్‌పేటలో భోజనమైన పిమ్మట అమ్మాయి కాగితము మడిచి, “అన్నిటికన్నా ముందు ఏది రావాలి మాస్టారూ?” అని అడిగెను. నడక అనునని భార్య ఎదురుచూచినది. నేనును అట్లే అనుకొంటిని.

“సంతకం,” అనెను మాస్టారు.

ఏటేటా పింఛనుకు జీవన ధ్రువీకరణ పత్రము ఇయ్యవలెను. వేలమంది పిల్లల ప్రోగ్రెస్ కార్డులమీద సంతకము చేసిన చేయి ఇప్పుడు సిరాలో బొటనవ్రేలు ముంచవలసి వచ్చుచున్నది. అమ్మాయి ఆ మరుసటి సారి నాలుగుగీతల కాపీపుస్తకమును, లావుపాటి స్కెచ్‌పెన్నును తెచ్చి, కాగితము కదలకుండ కుడిచేతిని దానిపై ఆనించి, ఎడమచేతితో పెద్ద గీతలు వ్రాయించుట మొదలుపెట్టినది. ఎడమచేతి సంతకము నిలకడకు వచ్చిన పిమ్మట బ్యాంకులో కొత్త నమూనా ఇయ్యవలెను. ఆ ఫారము కూడ ఆమె సంచిలోనే ఉన్నది.

సంస్థలవారికి ఒక మాట: కొత్తవారిని తొలినెలలయందు ఒంటరిగా పంపక, అనుభవముగల వారినొకరిని వెంట పంపుడు, కోడలితో వంటింటిలో మాటాడిన పావుగంటను కూడ పనివేళగా లెక్కింపుడు. పాఠకులకు మరియొక మాట: మీ ఇంటికి ఇట్టివారు వచ్చుచున్నారని తెలిసినప్పుడు రోగికి స్నానము చేయించి, ఇస్త్రీ బట్టలు తొడిగి, తల దువ్వి, ముందు గదిలో కూర్చుండబెట్టి సిద్ధముగా ఉంచకుడు. భోజనపు వేళకే రమ్మనుడు. స్నానాల గది చూపుడు. “తనంతట తాను తింటారా” అని అడిగినప్పుడు ముద్ద ఎవరు కలుపుచున్నారో ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. ఆమె పెన్సిలు సున్న చుట్టినను అలుగకుడు. పళ్లెము ఆయన ముందు పెట్టి, ఒక అరగంట మీ చేతులు మీ ఒడిలో ఉంచుకొనుడు.